కొండమీది రిపీటరు, గోడమీది రిపీటరు

రిపీటరు పెడితే వైఫై స్పీడు సగానికి పడిపోతోందేమిటని మా వీధిలో చాలామంది నన్ను అడుగుతున్నారు. నన్నే అడగడంలో న్యాయం ఉంది. టెలికాం శాఖ మైక్రోవేవ్ విభాగంలో చేరి, రిపీటర్ స్టేషన్లలోనే జుట్టు నెరిసినవాణ్ణి. కాకపోతే వాళ్లకి జవాబు ఒక్క ముక్కలో కావాలి, నాకు ఒక్క ముక్కలో చెప్పడం రాదు. పోయిన ఆ సగం ఎటు పోయిందో చెప్పాలంటే వైఫై పుట్టకముందు రెండువందల ఏళ్ల సంగతి ఎత్తుకోవాలి. "అంతొద్దు బాబాయ్ గారూ, ఏ కంపెనీది కొనాలో చెప్పండి చాలు" అంటారు. అది నేను చెప్పను. మిగతాది రాస్తున్నాను.

రిపీటరు చేసే పనులు రెండే. వినడం, విన్నదాన్ని మళ్లీ చెప్పడం. చిక్కంతా ఈ రెండూ ఒకేసారి చేయాల్సి రావడంలో ఉంది. దూరం నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది, తాను పంపే సిగ్నల్ దానికి కోట్ల రెట్లు బలంగా ఉంటుంది. రెండూ ఒకే దారిలో ఉంటే తన మాటలో తనకే ఏమీ వినపడదు. కాబట్టి వినడానికి ఒక దారి, చెప్పడానికి ఇంకో దారి ఉండాలి. లేదంటే పూర్తిగా విన్న తర్వాతే చెప్పాలి. మొదటి పద్ధతికి డబ్బు ఖర్చు, రెండోదానికి కాలం ఖర్చు. ఈ రెండింటిలో ఏదో ఒకటి చెల్లించకుండా దూరం పెంచుకున్నవాళ్లు నాకు తెలిసి లేరు.

ఫ్రాన్సులో 1794లో క్లోద్ షాప్ అనే ఆయన పారిస్ నుంచి లీల్ నగరం దాకా గుట్టల మీదా చర్చి గోపురాల మీదా కొయ్యచేతుల యంత్రాలు నిలబెట్టాడు. ప్రతి గోపురం మీదా ఒక మనిషి. వెనక గోపురాన్ని టెలిస్కోపులో చూసి, అక్కడి చేతులు ఎలా ఉంటే తన యంత్రం చేతుల్ని అలా తిప్పి, ముందున్నవాడు సరిగ్గా తిప్పాడో లేదో చూసుకుని మళ్లీ వెనక్కి తిరిగేవాడు. ఆ గుర్తుల అర్థం అతనికి తెలియదు, తెలియనిచ్చేవాళ్లు కూడా కాదు. ఇందులో ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 1834 నుంచి రెండేళ్లపాటు బోర్డో ఊళ్లో బ్లాంక్ అనే అన్నదమ్ములు తూర్ గోపురం దగ్గర పనిచేసే ఉద్యోగికి లంచం పెట్టి, సర్కారు వార్తల మధ్యలో ఒక తప్పు గుర్తు ఇరికించేవాళ్లు. వెంటనే 'తప్పు, కొట్టేయండి' అనే గుర్తు వెళ్లేది. చివర్లో వార్త విప్పేవాళ్లు ఆ తప్పుని తీసేసేవాళ్లు. ఈలోగా బోర్డోలో వీళ్ల మనిషి గోపురం వంక చూసి, పారిస్‌లో బాండ్ల ధర పెరిగిందో తగ్గిందో కనిపెట్టేవాడు. దొరికారు గానీ, టెలిగ్రాఫుని సొంతానికి వాడుకోకూడదని అప్పటికి చట్టమే లేదు. చట్టం 1837లో వచ్చింది. ఆ అన్నదమ్ముల్లో ఫ్రాంస్వా తర్వాత మాంటీకార్లో జూదశాలకి అధిపతి అయ్యాడు. రిపీటరు గుణం ఇందులోనే ఉంది. తనకి అందింది మంచో చెడో చూడదు, నమ్మకంగా మోసేస్తుంది.

తీగ టెలిగ్రాఫు వచ్చాక కూడా మధ్యలో మనిషి పోలేదు. మన దేశంలో ఒషానెస్సీ వేయించిన లైన్లు 1855లో జనానికి తెరిచారు. దూరపు తంతిని దారిలో ఒక గుమస్తా విని, కాగితం మీద రాసుకుని, మళ్లీ టకటక కొట్టి అవతలి ఊరికి పంపాలి. 1865లో టర్కీ మీదుగా లండన్‌తో తంతి కలిసింది. దారిలో ఇంగ్లీషు రాని గుమస్తాలు విన్నది విన్నట్టు తిరిగి కొట్టడంతో తంతులు రోజులకి రోజులు ఆలస్యమై, గుర్తుపట్టలేని రూపంలో చేరేవి. సీమెన్స్ సోదరులు ఇంకో దారిలో లైను వేసి, మనిషి బదులు విద్యుదయస్కాంతంతో దానంతటదే కొట్టే రిలేలు పెట్టారు. 1870 ఏప్రిల్ 12న లండన్‌లో కొట్టిన తంతి దాదాపు 11,000 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాకి 28 నిమిషాల్లో చేరింది. విని, రాసుకుని, మళ్లీ చెప్పడానికి పట్టే కాలం ఎంతో జనానికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

టెలిఫోనుకి ఇంకో గండం. తంతిలో చుక్క, గీత ఉంటే చాలు, రిలే వాటిని శుభ్రంగా కొత్తగా కొట్టేస్తుంది. గొంతు అలా కాదు. దాన్ని పెంచితే దానితోపాటు గరగర కూడా పెరుగుతుంది. అమెరికాలో 1915 జనవరిలో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మాట్లాడగలిగారంటే అది దారిలో పెట్టిన వాక్యూమ్ ట్యూబు రిపీటర్ల చలవ. 1956లో అట్లాంటిక్ అడుగున టాట్-1 అనే టెలిఫోను కేబులు వేశారు. నిజానికి అవి రెండు కేబుళ్లు. ఒకటి పోయేదారి, ఇంకొకటి వచ్చేదారి. ఒక్కోదాన్లో 51 రిపీటర్లు. రిపీటరు ఒక వైపే పనిచేస్తుంది కాబట్టి రెండో కేబులుకి అయ్యే ఖర్చంతా భరించి, కాలం ఒక్క క్షణం కూడా పోకుండా చూసుకున్నారు. దాంతో కొనుక్కున్నది 36 సంభాషణలు మాత్రమే.

ఇక నేను పనిచేసిన కొండ. తెలుపూ ఎరుపూ పట్టీల టవరు, దాని కింద రెండు గదుల స్టేషను. ఒక గదిలో రేడియో బేలు, ఇంకోదాన్లో యాసిడ్ వాసన వేసే బ్యాటరీలు, వెనక షెడ్డులో డీజిల్ జనరేటరు. టవరు మీది డిష్షుకి పోయే వేవ్‌గైడులోకి పొడిగాలి ఎక్కించే చిన్న పంపు ఒకటి రాత్రింబవళ్లు టకటకమంటూ ఉండేది. అది ఆగితే గొట్టంలోకి చెమ్మ చేరుతుంది, సిగ్నల్ పడిపోతుంది. ఇప్పటివాళ్లకి నవ్వు రావచ్చు గానీ, ఊళ్లో ఎవరో అర్జెంటు కాల్ బుక్ చేసుకుని పోస్టాఫీసులో నిలబడితే, ఆ మాట ఇలాంటి కొండలు నాలుగైదు దాటి వెళ్లేది. కొండకీ కొండకీ మధ్య నలభై యాభై కిలోమీటర్లు. దాన్నే హాపు అనేవాళ్లం.

ఒక్కో హాపు ఫ్రీక్వెన్సీ ఎలా పంచుకుంటుందో చెబితే వైఫై కథ సగం తెలిసినట్టే. మా స్టేషను రెండు పక్కల నుంచీ వినేది ఒక ఫ్రీక్వెన్సీ మీద, రెండు పక్కలకీ చెప్పేది ఇంకో ఫ్రీక్వెన్సీ మీద. పక్క కొండ మీద ఇది తిరగేసి ఉంటుంది, మేం చెప్పేదాని మీద వాళ్లు వింటారు, మేం వినేదాని మీద వాళ్లు చెబుతారు. అలా ఒక కొండ విడిచి ఒక కొండ, దేశం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెండే రెండు ఫ్రీక్వెన్సీలతో లాక్కుపోవచ్చు. స్పీడు ఏ హాపులోనూ తగ్గదు. ఎన్ని కొండలు దాటినా అటు మాట్లాడుతున్న మాట ఇటు వినపడుతూనే ఉంటుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. మొదటి కొండ పంపేదీ మూడో కొండ పంపేదీ ఒకే ఫ్రీక్వెన్సీ. నాలుగో కొండ వినాల్సింది మూడోదాన్ని. కొన్ని వేళల్లో గాలి పొరలు వంగి, మొదటి కొండ సిగ్నల్ మధ్యవాటిని దాటుకుని తిన్నగా నాలుగో కొండకి చేరుతుంది. ఓవర్‌రీచ్ అంటాం. అందుకే స్టేషన్లు ఒక వరసలో కట్టరు, వంకరటింకరగా ఎంచుతారు. మ్యాపులో చూసినవాళ్లు కాంట్రాక్టరు ఎక్కువ బిల్లు కోసం దారి వంకర తిప్పాడనుకునేవాళ్లు. ఆ గాలి పొరల వల్లే చలికాలం తెల్లవారుజామున, అందునా నీళ్లు నిలిచిన వరిచేల మీదుగా పోయే హాపుల్లో, మీటరు ముల్లు దిగజారిపోయేది. వెంటనే స్టేషన్ల మధ్య మాకు మాత్రమే ఉండే ఆర్డర్ వైర్ ఫోను ఎత్తేవాళ్లం.

"ఏవండీ, మీ వైపు నుంచి లెవెలు పడిపోతోంది. డిష్షు గానీ కదిలిందా?"

"కదల్లేదండీ. ఇక్కడ మంచు దట్టంగా ఉంది. ఎండెక్కితే అదే లేస్తుంది, మీరు కాఫీ తాగి రండి."

ఎండెక్కేది, ముల్లు లేచేది. ఫైబరు వచ్చాక ఆ కొండల అవసరం క్రమంగా తగ్గిపోయింది. నాకేం బాధ లేదు. ఫైబరు ఆ కొండలన్నిటికంటే గొప్పది.

హామ్ రేడియోవాళ్లదీ ఇదే లెక్క. హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పెట్టాక మన దగ్గర ఆ సరదా బాగా పాకింది. రెండు మీటర్ల బ్యాండులో వాళ్ల రిపీటరు వినే ఫ్రీక్వెన్సీకీ చెప్పే ఫ్రీక్వెన్సీకీ తేడా 600 కిలోహెర్ట్జులు. అంత దగ్గరి రెండింటినీ ఒకే యాంటెన్నా మీద విడదీయడానికి మనిషి నడుమెత్తు రాగి, అల్యూమినియం డబ్బాలు బిగించేవాళ్లు. వాటి ధరే రిపీటరు ధర.

లెక్క మారింది కంప్యూటర్లు గాలిలో మాట్లాడుకోవడం మొదలెట్టాక. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపినప్పుడు ఇంకా పాత మర్యాద పాటించారు, పోవడానికి ఒక ఫ్రీక్వెన్సీ, రావడానికి ఒకటి. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడిచిన ప్యాకెట్ రేడియోలోనూ, 1980ల్లో హామ్‌లు వాడిన డిజిపీటర్లలోనూ ఫ్రీక్వెన్సీ ఒకటే. డిజిటల్ సమాచారాన్ని ముక్కలుగా దాచుకోవచ్చు కదా! ముక్క పూర్తిగా విని, జ్ఞాపకంలో పెట్టుకుని, ఆ తర్వాత అదే ఫ్రీక్వెన్సీ మీద తిరిగి చెబితే సరి. డబ్బాలు అక్కర్లేదు, రెండో ఫ్రీక్వెన్సీ అక్కర్లేదు. టర్కీ గుమస్తా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడన్నమాట, కాకపోతే ఈసారి అతనికి స్పెల్లింగు తప్పులు లేవు. హామ్‌ల ఏఎక్స్.25 పద్ధతిలో ఒక ప్యాకెట్టుని ఎనిమిది డిజిపీటర్ల దాకా దాటించే వీలుండేది. 1200 బాడ్ స్పీడులో ఎనిమిది చోట్ల ఆగి వెళ్లే సమాచారం ఎంత నెమ్మదిగా వస్తుందో చెప్పనక్కర్లేదు.

వైఫై పూర్తిగా విన్నాకే చెప్పే ఈ రెండో వంశంలో పుట్టింది. 1985లో అమెరికా లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2.4 గిగాహెర్ట్జుల బ్యాండు తెరవడం, 1997లో మొదటి ప్రమాణం, 1999లో 11 మెగాబిట్ల 802.11బి. మన దేశంలో ఆ బ్యాండుకి లైసెన్సు బెడద తొలగింది 2005 జనవరిలో. ఈ ప్రమాణం రాసినవాళ్లు చౌకగా ఉండాలని చూశారు. ఒక ఛానెల్, ఒక రేడియో, ముందు విను, ఎవరూ మాట్లాడకపోతే మాట్లాడు. ఇద్దరి మధ్య ఒక గదిలో ఇది బంగారం లాంటి పద్ధతి. మధ్యలో మూడోవాణ్ణి పెట్టారో, అది సింగిల్ లైను రైలుమార్గం అయిపోతుంది. రౌటరు నుంచి రిపీటరుకి బండి వచ్చేదాకా రిపీటరు నుంచి ఫోనుకి బండి కదలదు. రెండు వైపులా 100 మెగాబిట్లు నడుస్తున్నా చేతికి వచ్చేది 50. ఒకవైపు 100 ఉండి ఇంకోవైపు 25 ఉంటే వచ్చేది 20. ఇంకో రిపీటరు తగిలిస్తే ఇంకా కిందికి. 2001లో ఎంఐటీ పరిశోధకులు ఒకే ఛానెల్ మీద రిపీటర్ల పొడవాటి గొలుసుని పరీక్షించి చూశారు. లెక్క ప్రకారం నాలుగో వంతైనా రావాలి, అసలు వైఫై పరికరాల నియమాలతో ఏడో వంతు వచ్చింది. దానికి ముందు ఏడాది పీయూష్ గుప్తా, పి.ఆర్. కుమార్ ఇంకా పెద్ద మాటే గణితంతో తేల్చారు. గాలిలో ఒకరి సమాచారం ఒకరు మోసుకునే యంత్రాలు పెరిగేకొద్దీ ఒక్కొక్కదాని వాటా తగ్గిపోతూనే ఉంటుందని. ఆ కుమార్ గారి పూర్తి పేరు పంగనామల రమణ కుమార్, మద్రాసు ఐఐటీలో చదువుకున్నారు.

ఈ చిక్కుముడికి ఒక విరుగుడు ఆలోచన కూడా మన దేశంలోనే పుట్టింది. దాని కథ భీమవరం వైపు కూడా వచ్చింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 2000ల మొదట్లో కాన్పూరు ఐఐటీలో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు తదితరులు గంగా మైదానంలో పల్లెల్ని వైఫైతోనే కలపాలని చూశారు. ఇంట్లో వాడే 802.11బి కార్డులే, వాటికి గ్రిడ్డు డిష్షులు, ఎత్తయిన టవర్లు. ఒక్కో లింకు పదులకొద్దీ కిలోమీటర్లు. వాళ్ల సలహాసాయంతోనే భీమవరం ఉన్న మన పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని అనే నెట్‌వర్క్ వేసింది. పల్లెల్లో వీడియో మీద పాఠాలు, వైద్యుల సలహాలు అందించడం ఉద్దేశం. డెల్టాలో కొండలుండవు, కొబ్బరిచెట్లుంటాయి. ఆ చెట్లని దాటి చూపు ఆనాలంటే టవరు పెంచాల్సిందే. ఇలాంటి నెట్‌వర్కుల్లో రేడియో కంటే టవరు ఖర్చే ఎక్కువని వాళ్లు రాసుకున్నారు. మా శాఖలో ఏ సర్వేయరుని అడిగినా ఇదే చెప్పేవాడు.

దూరం పెరిగేసరికి వైఫై నియమాలు తన్నుకున్నాయి. ప్రతి ప్యాకెట్టుకీ అవతలివాడు 'ముట్టింది' అని చెప్పాలి. 20 కిలోమీటర్లు పోయి రావడానికే 130 మైక్రోసెకన్లు దాటుతుంది. గది కొలతలకి తయారైన కార్డు అంతసేపు ఆగదు, పోయిందనుకుని మళ్లీ పంపేస్తుంది. దాన్ని సర్దవచ్చు. అసలు సమస్య మధ్య ఊళ్లో ఉంది. ఒకే టవరు మీద తూర్పుకొక డిష్షు, పడమటికొక డిష్షు, రెండూ ఒకే ఛానెల్. ఒకటి మాట్లాడుతుంటే రెండోది పక్కనుంచి కారే సిగ్నల్ విని నోరు మూసుకుంటుంది. 2005లో ఆ కాన్పూరు ఇద్దరూ చెప్పిన ఉపాయం చదివి నేను ఒక్కడినే నవ్వుకున్నాను. ఒక ఊరి టవరు మీది డిష్షులన్నీ ఒకేసారి మాట్లాడాలి, ఒకేసారి వినాలి. ఊళ్లని సరి ఊళ్లు, బేసి ఊళ్లుగా విడదీసి, సరి ఊళ్లు మాట్లాడేటప్పుడు బేసి ఊళ్లు వినాలి, ఆ తర్వాత తిరగేయాలి. ఒక కొండ విడిచి ఒక కొండ అని మేం ఫ్రీక్వెన్సీతో చేసిన పనిని వాళ్లు గడియారంతో చేశారు. ఒకే ఛానెల్‌లో, అంగట్లో దొరికే కార్డులతో. టూపీ అని దానికి పేరు. వెనిజువెలాలో 2007లో ఎర్మానో పియెత్రోసెమోలి మధ్యలో రిపీటరన్నది లేకుండా 382 కిలోమీటర్లు వైఫై దాటించినప్పుడు పత్రికలు ఆ కొలతనే పట్టుకున్నాయి. నా మట్టుకు నాకు టూపీయే అంతకంటే తెలివైన పని.

మరి మన ఇళ్లలో ఈ గొడవ ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు? 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు ఇంటికొచ్చే స్పీడే 256 కిలోబిట్లు. వైఫై దాన్ని సగం చేసినా, అందులో మళ్లీ సగం చేసినా, మిగిలినది ఆ 256 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇరుకు బయటి తీగలో ఉంది, ఇంట్లో కాదు. 2017 చివర్లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి 15 మెగాబిట్లు అన్నప్పటికీ పెద్దగా తెలియలేదు. ప్రైవేటు కంపెనీలు వంద, రెండొందలు ఇవ్వడం, 2020లో ఇంటిల్లిపాదీ ఇంట్లోంచే చదువులూ ఉద్యోగాలూ చేయడం, ఈ రెండూ కలిశాక ఇరుకు గుమ్మం దాటి లోపలికొచ్చింది. అప్పటికి కట్టిన ఇళ్లేమో కాంక్రీటు శ్లాబులు, కింద రౌటరు, పైన పిల్లల గది.

ఇక్కడ రిపీటరుని మరీ తిట్టకూడదు. శ్లాబు దాటి నేరుగా వచ్చేది 6 మెగాబిట్లే అయితే, మెట్ల మలుపులో పెట్టిన రిపీటరు రెండువైపులా 54 తెచ్చిందంటే మీ చేతికి 27 వస్తుంది. సగం పోయినా నాలుగు రెట్లకి పైనే వస్తుంది. జనం చేసే పని వేరు. నెట్ రాని గదిలోనే రిపీటరు పెడతారు. అక్కడ దానికే సరిగ్గా వినపడదు, అయినా ఫోనులో సిగ్నల్ ఫుల్లుగా చూపిస్తుంది. అది ఫోనుకీ రిపీటరుకీ మధ్య సిగ్నల్, రౌటరుకీ రిపీటరుకీ మధ్యది కాదు. పైగా నెమ్మదిగా మాట్లాడే ఆ ఒక్క రిపీటరు గాలిని ఎక్కువసేపు ఆక్రమించుకుని, కింద రౌటరు పక్కనే కూర్చున్న తాతగారి టీవీని కూడా ఆపేస్తుంది. సిగ్నల్ అందని లోయలో ఎవరైనా మైక్రోవేవ్ స్టేషను కడతారా?

ఇల్లంతా వైఫై పరచడానికి 2016 నుంచి వస్తున్న మెష్ పెట్టెల్లో ఖరీదైనవి తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో పెట్టుకున్నాయి. వెనక 5 గిగాహెర్ట్జులు, ముందు 2.4 వాడే మామూలు రిపీటర్లూ కొంతవరకు అదే చేస్తాయి. అంటే తిరిగి తిరిగి రెండు ఫ్రీక్వెన్సీల దగ్గరికే వచ్చారు. పెట్టె మీద వేలల్లో అంకె వేసి, లోపల ఒకే రేడియోతో వినీ చెప్పీ నడిపించేవాటిని మాత్రం నేను మోసం కిందే లెక్కేస్తాను. ఆ అంకె అన్ని బ్యాండ్ల గరిష్ఠ వేగాలూ కూడి వేసింది, మీ గదిలోకి వచ్చేది కాదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి ఒక విన్నపం. శ్లాబు పోసేటప్పుడే కరెంటు పైపులకి దూరంగా ఒక ఖాళీ పైపు కింది హాలు నుంచి పై గదిదాకా వేయించుకోండి. అందులోంచి ఒక క్యాట్ 6 కేబులు లాగి, పైన చివర ఇంకో యాక్సెస్ పాయింట్ తగిలించండి. రాగి కేబులు వంద మీటర్ల దాకా ఏ సగమూ పోగొట్టదు. ఇప్పటికే కట్టేసుకున్నవాళ్లు కిటికీ పక్కనుంచి బయటిగోడ మీదుగా కేబులు లాగించుకోండి. చూడ్డానికి బాగుండదు, పనికొస్తుంది.